టారో కొనాలా, ఒరాకిల్ కొనాలా? సొంతానికి చూసుకోడానికి

గోదారిగట్టు
జోస్యం చూసుకునే ముక్కల డెక్కులు రెండు చూసి పెట్టా. ఒకటి మామూలు రైడర్-వెయిట్ టారో, 78 ముక్కలు. రెండోది 44 ముక్కల ఒరాకిల్, ఒక్కో ముక్క మీద ఒక బొమ్మ, కింద "ఓపిక", "వదిలెయ్", "కొత్త ద్వారం" లాంటి మాట. ఊరందరికీ చెప్పే ఉద్దేశం లేదు, నాకు నేను చూసుకోడానికే. టారో నేర్చుకోడానికి ఏళ్ళు పడుతుందని ఒకరు, ఒరాకిల్ అంటే క్యాలెండర్ కింద సూక్తి లాంటిదని ఇంకొకరు. ఏది ముందు కొనాలి? రెండూ కలిపి వాడచ్చా? "ఏది నిన్ను పిలిస్తే అది కొనుక్కో" అనే సలహా మాత్రం వద్దు. రెండూ పిలవట్లేదు, కార్ట్‌లో కూర్చున్నాయి.

పెసరట్టు_ఉప్మా
ఏది నిన్ను పిలిస్తే అది కొనుక్కో.

ఇస్పేటురాణి
పెసరట్టు మాట వదిలేయండి. తేడా బొమ్మల్లో లేదండీ, కట్ట కూర్చిన తీరులో ఉంది.

టారో ఎవరు వేసినా, బొమ్మల్లో దేవతలున్నా పిల్లులున్నా, లోపలి లెక్క మారదు. 22 మేజర్ ఆర్కానా, 56 మైనర్ ఆర్కానా. మైనర్‌లో నాలుగు సూట్లు, ఒక్కోదాంట్లో ఆసు నుంచి పది దాకా పది ముక్కలు, ఆపైన పేజ్, నైట్, క్వీన్, కింగ్. పేకాట వచ్చినవాళ్ళకి సగం వచ్చేసినట్టే. కప్స్ అంటే ఆఠీను, స్వోర్డ్స్ ఇస్పేటు, పెంటకిల్స్ డైమను, వాండ్స్ కళావరు. జాకీ ఉండే చోట ఇద్దరు కూర్చున్నారు కాబట్టి 13 బదులు 14. మేజర్ 22 అంటారా, అవి అచ్చంగా తురుపు ముక్కలు. 1440ల నాటికే ఉత్తర ఇటలీలో వీటితో ఆట ఆడేవాళ్ళు. జోస్యం గోల 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఊపందుకుంది.

భయపెట్టినట్టు 78 అర్థాలు బట్టీ పట్టక్కర్లేదు. సూట్లు 4, అంకెలు 10, కోర్టు పాత్రలు (పేజ్ నుంచి కింగ్ దాకా) 4, తురుపులు 22. మొత్తం 40 సంగతులు, మిగతాది కూడిక. వాండ్స్ పని, ఉత్సాహం. కప్స్ మనసు, బంధాలు. స్వోర్డ్స్ ఆలోచన, మాట, గొడవ. పెంటకిల్స్ డబ్బు, ఒళ్ళు, ఇల్లు. 5 అంటే నిలకడగా ఉన్నది కదిలిపోవడం. ఇప్పుడు కలపండి. ఐదు వాండ్స్‌లో ఐదుగురు కర్రలతో కొట్టుకుంటుంటారు. ఐదు కప్స్‌లో మూడు ఒలికిపోయి రెండు నిలబడి ఉంటాయి, ఆ మనిషి ఒలికినవే చూస్తుంటాడు. ఐదు స్వోర్డ్స్‌లో ఒకడు మూడు కత్తులు పట్టుకుని నవ్వుతుంటే ఇద్దరు వెనక్కి తిరిగి పోతుంటారు. ఐదు పెంటకిల్స్‌లో మంచులో ఇద్దరు బీదవాళ్ళు చర్చి కిటికీ కింద నడుస్తుంటారు. ఒకే దెబ్బ, నాలుగు చోట్ల.

ఒరాకిల్‌కి ఈ లెక్క ఉండదు. 36 ఉండచ్చు, 44 ఉండచ్చు, 60 దాటచ్చు. అర్థాలు ఆ డెక్ రాసినవాళ్ళవి. ఒక టారో నేర్చుకుంటే ఇంకో టారో చదవచ్చు. ఒరాకిల్ మార్చినప్పుడల్లా మళ్ళీ మొదటికే.

లెక్కలమాస్టారు
రాణిగారూ, "లోపలి లెక్క మారదు" అన్నచోట ఒక సవరణ. మార్సెయ్ అనే పాత ఫ్రెంచి తరహా డెక్కుల్లో తురుపుల వరస చూడండి, జస్టిస్ 8, స్ట్రెంగ్త్ 11. రైడర్-వెయిట్‌లో స్ట్రెంగ్త్ 8, జస్టిస్ 11. థోత్ అనే ఇంకో డెక్‌లో మళ్ళీ పాత వరసే, కానీ పేర్లు అడ్జస్ట్‌మెంట్, లస్ట్ అయ్యాయి. అందులో కోర్టు ముక్కలు నైట్, క్వీన్, ప్రిన్స్, ప్రిన్సెస్. కింగ్ అనే పేరే కనబడదు. పుస్తకం ఒక సంప్రదాయానిది, కట్ట ఇంకోదానిది కొన్నవాళ్ళు సరిగ్గా ఇక్కడే తడబడతారు.

ఇస్పేటురాణి
ఒప్పుకుంటున్నా మాస్టారూ. గోడలు అవే, గది నంబర్లు మారాయి.

డల్లాస్_దోసె
రైడర్ అనేది 1909లో లండన్‌లో వేసిన పబ్లిషర్ పేరు. వెయిట్ గీయించినాయన. గీసినావిడ పమేలా కోల్మన్ స్మిత్. పేరులో ఆవిడే లేదు, చాలామంది ఇప్పుడు రైడర్-వెయిట్-స్మిత్ అంటున్నారు. కొత్తవాళ్ళకి ఆవిడ చేసిన మేలు ఏంటంటే, అంకె ముక్కల్లో కూడా మనుషుల్ని, సన్నివేశాల్ని గీసింది. మార్సెయ్‌లో ఆరు కప్స్ అంటే ఆరు కప్పులే, చూసి చదవడానికి అక్కడ కథేం ఉండదు. మొదటి కట్టగా మార్సెయ్ తీసుకోకండి.

వరంగల్_వాకిలి
అక్కా, టారో గురించి మీరు చెప్పింది మంచిగనే ఉన్నది గని ఒరాకిల్‌ను మరీ తక్కువ జేసి మాట్లాడకుండ్రి. పొద్దుగాల లేచి ఒక్క ముక్క తీసి "ఇయ్యాల దేని మీద మనసు పెట్టాలె" అని చూసుకునేటోళ్ళకు టారో ఎందుకు? ఐదు స్వోర్డ్స్ వస్తది. గెలిచినోడివి నువ్వా, ఓడి పోతున్నోడివి నువ్వా? అది తెల్వాలంటే ప్రశ్న ఉండాలె, పక్కన ఇంకో ముక్క ఉండాలె. ఒరాకిల్ ఒక్కటి తీసినా ముచ్చట పూర్తయితది.

టారో ముక్క ఒక పదం అసుంటిది, ఒరాకిల్ ముక్క ఒక వాక్యం అసుంటిది. పది పదాలు పక్కపక్కన పెడితే కథ అయితది, పది వాక్యాలు పెడితే లొల్లి అయితది. గందుకే ఒరాకిల్‌తోని ఒకటి తియ్యుండ్రి, మస్తు అయితే మూడు. పది ముక్కలు పరిచే కెల్టిక్ క్రాస్ స్ప్రెడ్ దాంతోని వెయ్యొద్దు.

పెసరట్టు_ఉప్మా
పొద్దున్నే పది వాక్యాలు కావాలంటే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు ఉందిగా, కలపకుండానే వస్తాయి.

చిలకపలుకు
వాకిలి గారి పదం-వాక్యం పోలిక బాగుంది. దానికి ఇంకో ముడి ఉంది. వాక్యాలు ఎవరో ముందే రాసిపెట్టారు కాబట్టి, వాళ్ళు రాయనిది మీకు ఎప్పటికీ రాదు. అందుకని ఒరాకిల్ కొనేముందు ఒక పరీక్ష పెట్టండి. యూట్యూబ్‌లో ఆ డెక్ ముక్కలన్నీ వరసగా తిప్పి చూపించే వీడియో దాదాపు ప్రతిదానికీ దొరుకుతుంది. 44 పేర్లూ కాగితం మీద రాసుకోండి. మూడు గడులు గీయండి: "వెళ్ళు" అనేవి, "వద్దు, ఆగు" అనేవి, ఎటూ చెప్పనివి. రెండో గడిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. మెత్తని రంగుల దేవదూతల డెక్కుల్లో ఆ గడిలో రెండో మూడో పడతాయి. ఒక్కోసారి గడి ఖాళీ. కాదని చెప్పడం రాని కట్టని "ఈ పని చెయ్యనా" అని అడిగి, అవునంది అని సంబరపడటంలో అర్థం లేదు.

లెక్కలమాస్టారు
ఇది లెక్క కట్టాల్సిన మాటే. 44లో "వద్దు" వైపువి 4 అనుకోండి. మూడు ముక్కలు తీస్తే వాటిలో ఒక్కటైనా పడే అవకాశం 25 శాతం. అంటే నాలుగు సార్లు అడిగితే మూడు సార్లు అంతా బాగుందనే చెబుతుంది.

ఇప్పుడు రైడర్-వెయిట్. తురుపుల్లో డెవిల్, టవర్, మూన్, హ్యాంగ్డ్ మ్యాన్. వాండ్స్‌లో 5, 10. కప్స్‌లో 4, 5, 8. స్వోర్డ్స్‌లో 2, 3, 4, 5, 7, 8, 9, 10. పెంటకిల్స్‌లో 5. మొత్తం 18. మూడు తీస్తే ఒక్కటైనా పడే అవకాశం 55 శాతం. డెత్ అనే తురుపుని కావాలనే కలపలేదు, అది ముగింపు చెబుతుంది గానీ వద్దనదు.

ఇస్పేటురాణి
లెక్క సరే, గడుల్లో పెట్టడం దగ్గరే నాకు పేచీ. పది స్వోర్డ్స్‌లో వీపున పది కత్తులతో పడి ఉంటాడు, కానీ వెనక తెల్లవారుతుంటుంది. "అయిపోయింది, ఇంతకంటే కిందకి లేదు" అని కూడా అది చెబుతుంది. నాలుగు స్వోర్డ్స్ విశ్రాంతి, దాన్ని "వద్దు" అంటే ఎలా? అదీగాక చీకటి కోణం మీదే చేసిన ఒరాకిల్ డెక్కులూ ఉన్నాయి. వాటిలో రెండో గడి నిండిపోయి మొదటిది ఖాళీగా ఉంటుంది.

చిలకపలుకు
నాలుగు స్వోర్డ్స్‌కి "ఆగు" అని పేరు. గడి పేరు మళ్ళీ చదవండి. చీకటి డెక్కుల మాట నిజమే. పరీక్ష రెండు వైపులా పెట్టాలి.

నాస్తిక_నారాయణ
రెండూ అట్టముక్కలే. ఏది కొన్నా భవిష్యత్తు తెలియదు.

వరంగల్_వాకిలి
నారాయణన్నా, ఆ ముచ్చట వేరే చోట నడుస్తున్నది. ఈడ ప్రశ్న ఏ అట్టముక్క అని.

నాస్తిక_నారాయణ
సరే, పనికొచ్చేదే చెబుతా. రోజుకో ముక్క తీసేవాళ్ళు "ఈ వారం ఒకే ముక్క రెండుసార్లు వచ్చింది, ఏదో చెబుతోంది" అని పోస్టులు పెడతారు. తీసిన ముక్క తిరిగి కట్టలో కలిపేస్తే, 44 ముక్కల డెక్‌లో ఏడు రోజుల్లో ఏదో ఒకటి మళ్ళీ రావడానికి దాదాపు 40 శాతం అవకాశం. 78 ముక్కలతో 24 శాతం. ఒరాకిల్ వాళ్ళకి అద్భుతాలు ఎక్కువ జరగడానికి కారణం కట్ట చిన్నది కావడం.

లెక్కలమాస్టారు
లెక్క చూశా, సరిపోయింది. ఇంకోటి కలుపుతా: పది ముక్కల స్ప్రెడ్‌లో డెత్ పడటానికి 78లో 10, అంటే ఎనిమిదిట్లో ఒకటి. వారానికి ఒకసారి వేసేవాళ్ళకి రెండు నెలలకోసారి కనబడటం మామూలే. కంగారు పడక్కర్లేదు.

కొత్తపల్లి_కోకిల
ఇంత మాట్లాడుతున్నారు, మన చిలక జోస్యం ఒరాకిలే కదా? దేవుడి బొమ్మలున్న ముక్కలు, ఒక్కటి తీయడం, దానికి తగ్గ మాట చెప్పడం.

చిలకపలుకు
నా పేరు చూసి అడిగారా! అవును, తీరు అదే. ఒక్క ముక్క, పూర్తి సందేశం, పక్క ముక్కతో పని లేదు. పైగా అందులో ఉన్న క్రమశిక్షణ మనకి లేదు. చిలక ముక్క తీసి, గింజ తిని, గూట్లోకి పోతుంది. "నచ్చలేదు, క్లారిఫయర్ ఇంకోటి తియ్" అని చిలకని ఎవరూ అడగరు.

డల్లాస్_దోసె
ఈ క్లారిఫయర్ జబ్బు రెండు రకాల కట్టల్లోనూ ఉంది, టారోలో ముదిరిపోతుంది. మూడు తీస్తారు, అర్థం కాలేదని నాలుగోది, దానికి వివరణగా ఐదోది. తొమ్మిదోదానికి వచ్చేసరికి మొదటి ప్రశ్న ఏంటో గుర్తుండదు. నియమం పెట్టుకోండి. వేసేముందే ఎన్ని ముక్కలో అనుకోవాలి. క్లారిఫయర్ ఒక్కటే, అదీ ఏ ముక్క అర్థం కాలేదో దాని మీదే ఆనించి పెట్టాలి. అప్పటికీ తెలియకపోతే ఫోటో తీసి పక్కన పెట్టి మర్నాడు చూడండి. అదే ప్రశ్న మళ్ళీ వెయ్యాలంటే పరిస్థితిలో ఏదైనా మారి ఉండాలి.

గోదారిగట్టు
ఇంతసేపూ సిద్ధాంతం. ఒక్క ఉదాహరణ రెండు కట్టలతో చేసి చూపించండి. ప్రశ్న: అద్దె ఇల్లు మారాలా వద్దా.

ఇస్పేటురాణి
ముందు ప్రశ్న మార్చాలి. "మారాలా వద్దా" అంటే టారో కూడా నీళ్ళు నములుతుంది. మూడు స్థానాలు పెడదాం. 1: ఇప్పుడున్న ఇంట్లో నన్ను పట్టి ఉంచేది. 2: మారితే ఎదురయ్యేది. 3: నేను చూడకుండా వదిలేస్తున్నది. స్థానాలు ముక్క తిప్పాక కాదు, కలిపేముందే కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే వచ్చిన ముక్కకి తగ్గట్టు స్థానాన్ని సాగదీస్తాం.

ఉదాహరణకి 1లో నాలుగు పెంటకిల్స్, 2లో ఆరు స్వోర్డ్స్, 3లో పేజ్ ఆఫ్ పెంటకిల్స్ పడ్డాయి అనుకోండి. అర్థాలకి వెళ్ళకముందు మొత్తం చూడాలి. పెద్ద మలుపులు చెప్పే మేజర్ ఒక్కటీ లేదు, అంటే ఇది మీ చేతిలో ఉన్న విషయమే. మూడు తీస్తే కనీసం ఒక మేజర్ పడే అవకాశం 60 శాతం పైనే, కాబట్టి లేకపోవడాన్ని కూడా పట్టించుకోవాలి. పెంటకిల్స్ రెండు, కప్స్ సున్నా. ఇల్లంటే మమకారం అనుకుంటున్నారు గానీ గొడవంతా డబ్బు దగ్గరే.

ఇప్పుడు ముక్కలు. నాలుగు పెంటకిల్స్‌లో మనిషి ఒక నాణెం గుండెకి హత్తుకుని, రెండు కాళ్ళ కింద తొక్కిపెట్టి, ఒకటి నెత్తిన పెట్టుకుని కూర్చుంటాడు. కదిలితే పడిపోతాయి. అడ్వాన్సు, తక్కువ అద్దె, ఏదో ఒకటి పోతుందన్న భయం. ఆరు స్వోర్డ్స్‌లో పడవ. తల్లీ బిడ్డా ముందుకి పోతున్నారు, కానీ ఆరు కత్తులూ పడవలోనే గుచ్చి ఉన్నాయి. మారితే నెమ్మదిగా కుదుట పడతారు, కానీ ఇక్కడి తలనొప్పులు కొన్ని సామాన్లతో పాటే వస్తాయి. మూడోది, కుర్రాడు ఒక్క నాణేన్ని ఎత్తి పట్టుకుని దాన్నే చూస్తున్నాడు, వెనక పొలమంతా ఉంది. అద్దె అంకె ఒక్కటే చూస్తున్నారు. మెయింటెనెన్సు, నీళ్ళు, ఆఫీసుకి దూరం కలిపి లెక్క రాయలేదు. ఇంకా చూడాల్సింది ఉంది అన్నమాట.

వరంగల్_వాకిలి
ఇగ ఒరాకిల్. "మారాలెనా" అని దీన్ని అస్సలే అడగొద్దు. "ఇల్లు మారే విషయంల నేను ఏది మనసుల పెట్టుకోవాలె" అని అడిగి ఒక్కటి తియ్యాలె. "వదిలెయ్" వచ్చిందనుకో. చటుక్కున "ఇల్లు వదిలెయ్యమంటున్నది" అంటరు. ఆగుండ్రి. ముందుగాల పుస్తకం తెరవకుంట బొమ్మ చూడాలె, రెండు నిమిషాలు. చేతిలకెల్లి ఏం జారుతున్నది, మనిషి మొఖం ఎట్లున్నది. అవి రాసుకున్నాంక పుస్తకం చదవాలె. ముందే పుస్తకం చదివితే బొమ్మ ఇంక కనబడది. ఆఖరుకు ఏది వదలాలెనో మూడు పేర్లు రాయాలె: ఇల్లా, పట్టుదలా, పాత అద్దె లెక్కా. పేర్లు రాయకపోతే ఆ ముక్క గాలి మాటనే.

రాణక్క చేసినంత వివరం దీంతోని రాదు, ఒప్పుకుంట. గని ఐదు నిమిషాల పని.

గోదారిగట్టు
ఇప్పుడు తేడా కళ్ళకి కట్టింది. కలిపి వాడాలంటే రెండు కట్టలూ ఒకటిగా కలిపేయచ్చా?

లెక్కలమాస్టారు
కలపలేరు. మామూలు టారో ముక్క 70 మి.మీ. వెడల్పు, 120 పొడవు. ఒరాకిల్‌వి చాలావరకు 89 వెడల్పు, 127 పొడవు. వెనక డిజైన్లు వేరు. తీసేముందే ఏ కట్టదో తెలిసిపోతుంది.

డల్లాస్_దోసె
వరస ఇలా పెట్టుకోండి. టారో వేసి, చదివి, రాసుకోవడం పూర్తయ్యాక మాత్రమే ఒరాకిల్ ఒకటి తీసి అడ్డంగా కింద పెట్టండి. "ఈ మూడింటినీ ఏ మనసుతో తీసుకోవాలి" అన్నదే దానికి ప్రశ్న. ముందే ఒరాకిల్ తీస్తే దాని మాట చెవిలో మోగుతూ ఉంటుంది, టారో మూడూ దానికి తాళం వేస్తాయి. రెండూ ఎదురెదురుగా మాట్లాడితే, అంటే టారోలో టవర్, ఒరాకిల్‌లో "అంతా శుభం" వస్తే, టారో చెప్పిన సంగతిని ఒరాకిల్‌తో కప్పిపెట్టకండి. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు అదే.

కొత్తపల్లి_కోకిల
మూడో దారి ఎవరూ చెప్పలేదు. లెనోర్మా. 36 ముక్కలే, అర్థాలు ఖచ్చితం, టారోలా లోతు తవ్వక్కర్లేదు. 1800 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో వేసిన ఒక ఆట కట్టలోంచి పుట్టింది. మదమ్వాజెల్ లెనోర్మా 1843లో పోయాక ఆవిడ పేరు తగిలించి అమ్మారు. ఇందులో ఒక్క ముక్క తీయకూడదు, జంటగానే చదవాలి. ఉత్తరం పక్కన పాము వస్తే మెలికలున్న కాగితం. ఉంగరం పక్కన మేఘం వస్తే ఒప్పందంలో అనుమానం. ఇల్లు మారడం లాంటి లౌకిక ప్రశ్నలకి నన్నడిగితే ఇదే మేలు.

నిద్రపట్టని_నక్క
14వ ముక్క నక్క. అర్థం మోసం, జిత్తులు. నాకు అభ్యంతరం ఉంది.

గోదారిగట్టు
నాకు ఉన్న రెండింటితోనే తల తిరుగుతోంది, మూడోది వద్దండీ. ఓషో జెన్ టారో అని ఒకటి ఎదురైంది. అది ఏ జాతి?

ఇస్పేటురాణి
టారోనే, ముసుగు వేసుకుంది. 78కి మాస్టర్ అనే ముక్క ఒకటి కలిపి 79. వాండ్స్‌కి ఫైర్, కప్స్‌కి వాటర్, స్వోర్డ్స్‌కి క్లౌడ్స్, పెంటకిల్స్‌కి రెయిన్‌బోస్ అని పేర్లు. ప్రతి ముక్క మీదా ఒక మాట ఉంటుంది కాబట్టి చాలామంది ఒరాకిల్‌లా ఒక్కటే తీసి వాడతారు. రెండింటి మధ్య వంతెన కావాలంటే పనికొస్తుంది. కానీ మీరు మామూలు రైడర్-వెయిట్ పుస్తకంతో చదవబోతే బొమ్మలు కలవవు.

గోదారిగట్టు
తలకిందులుగా పడిన ముక్కలు? వాటికి వేరే అర్థాలు నేర్చుకోవాలా?

డల్లాస్_దోసె
ఒరాకిల్‌లో మామూలుగా పట్టించుకోరు, నిలబెట్టి చదివేయండి. టారోలో మీ ఇష్టం. మొదటి మూడు నెలలూ అన్నీ నిటారుగానే చదివితే చాలు, నా లెక్కలో అదేం వృథా కాదు. తర్వాత కావాలనుకుంటే కట్టని మూడు కుప్పలు చేసి ఒక కుప్ప తిప్పి కలపండి. అర్థం "ఉల్టా" అని కాదు, అదే శక్తి లోపల ఇరుక్కుంది లేదా ఆలస్యమైంది అని చదవండి. కట్ట కొనేముందు వెనక డిజైన్ చూసుకోండి, పైనుంచి చూసినా కిందనుంచి చూసినా ఒకేలా లేకపోతే తిప్పకముందే తలకిందులని తెలిసిపోతుంది.

లెక్కలమాస్టారు
తిప్పడం దగ్గరే సగంమంది తప్పు చేస్తారు. ముక్కని పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కనుంచి తిప్పాలి. కింది అంచు పట్టుకుని పైకి తిప్పితే నిటారుది తలకిందులవుతుంది. ఒక్కోసారి అలా, ఒక్కోసారి ఇలా తిప్పితే ఇక తలకిందులకి అర్థమే లేదు.

కలపడం గురించి కూడా. కొత్త కట్ట వరసలో ఉంటుంది. చేతిలో పైపైన నాలుగైదు సార్లు కలిపి వేస్తే ఆరు, ఏడు, ఎనిమిది కప్స్ పక్కపక్కన పడతాయి, "అబ్బ, కప్సే కప్స్" అని పరవశిస్తారు. రెండు భాగాలు చేసి బొటనవేళ్ళతో చిర్రున వదిలే పద్ధతికి 52 ముక్కల పేకలో ఏడు సార్లు అని లెక్క తేల్చారు. 78కి ఇంకో ఒకటి రెండు కలపండి. పెద్ద ముక్కలు చేతిలో పట్టక మూలలు వంగుతాయి అనుకుంటే దుప్పటి మీద అన్నీ బోర్లా పరిచి రెండు చేతులతో నిమిషం పాటు గుండ్రంగా కలపండి. పిల్లలు కలిపినట్టుంటుంది గానీ బాగా కలుస్తుంది. తలకిందులు కూడా వాటంతట అవే వస్తాయి.

కొత్తపల్లి_కోకిల
బంగారు అంచులున్న ఒరాకిల్ కొంటే ముందు ఒక్కో ముక్కా విడదీయాలి, అంచులు అతుక్కుని వస్తాయి. గబుక్కున లాగితే పూత లేస్తుంది. కోస్తాలో ఉన్నవాళ్ళకి ఇంకో బాధ, తేమకి ముక్కలు విల్లులా వంగుతాయి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి, పైన బరువు పెట్టండి. జారడం లేదని క్యారమ్స్ పౌడర్ చల్లకండి. శుద్ధి పేరుతో సాంబ్రాణి పొగ మరీ దగ్గర పెట్టినా మసి పట్టి అంచులు నల్లబడతాయి. మూరెడు దూరం చాలు.

నిద్రపట్టని_నక్క
నకిలీల గురించి కూడా చెప్పండి. జిత్తుల విషయం కాబట్టి నేనే చెబుతా. సగం ధరకి దొరికే ఒరాకిల్ డెక్కుల్లో పుస్తకం ఉండదు, బదులుగా క్యూఆర్ కోడ్ ఒకటి ఉంటుంది. ముక్కలు అసలు సైజు కంటే చిన్నవి, అట్ట పలచన, బొమ్మ అంచులు కోసుకుపోయి ఉంటాయి. టారోకైతే ఇంకో పుస్తకంతో నడిపించచ్చు. ఒరాకిల్‌కి పుస్తకం లేకపోతే భాషే లేదు. అమ్మే పేజీలో ముక్కల సైజు, పుస్తకం పేజీల సంఖ్య రాసి ఉందా అని చూడండి.

గోదారిగట్టు
టారో ముందు తీసుకున్నా. ఒరాకిల్‌కి చిలకపలుకు గారి మూడు గడుల పరీక్ష పెట్టా. 44లో "వద్దు, ఆగు" గడిలో 3. ప్రస్తుతానికి కార్ట్‌లోంచి తీసేశా.

వరంగల్_వాకిలి
మూడేనా? నేనైనా కొనకపోదును. గని ఒరాకిల్ అన్నీ గట్లనే ఉంటయనుకోకు, ఇంకోటి దేవులాడు.

గోదారిగట్టు
తప్పకుండా అక్కా. ఇంకో సందేహం. పెట్టె వచ్చింది, లెక్కపెడితే 80 ఉన్నాయి. మాస్టారి లెక్కలన్నీ 78కి కదా, ఏమిటీ రెండు?

లెక్కలమాస్టారు
చాలా పెట్టెల్లో అలాగే వస్తాయి. డెక్ పేరో, ప్రకటనో, స్ప్రెడ్ బొమ్మో ఉన్న అదనపు ముక్కలు. కలపకముందే తీసి పక్కన పెట్టండి, లేకపోతే ఎప్పుడో మూడో స్థానంలో ప్రకటన పడుతుంది. మిగిలిన 78నీ సూట్ల వారీగా 14 చొప్పున పేర్చి, తురుపులు 0 నుంచి 21 దాకా ఉన్నాయో లేదో చూసుకోండి.

పెసరట్టు_ఉప్మా
ఆ రెండే నిన్ను పిలిచింది.